ఇష్టపడి తవ్విన చెరువులేనా?

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి పొలాలు రొయ్యల చెరువులైపోతున్నాయని ఎవరైనా నోరు విప్పితే వెంటనే ఒక జవాబు ఎదురొస్తుంది. ‘పొలం రైతుది, పట్టా రైతుది, అప్పు కూడా రైతుదే. వరి గిట్టక చెరువు తవ్వుకుంటున్నాడు. మధ్యలో మీకొచ్చిన నొప్పేంటి?’ భీమవరం కాఫీ హోటల్లో మొరటుగా వినబడే ఈ మాటే ఎగుమతిదారుల సభల్లో, టీవీ చర్చల్లో, ప్రభుత్వ నివేదికల్లో ఇస్త్రీ మడత నలగకుండా వినిపిస్తుంది. అక్కడ దాన్ని నీలి విప్లవం అంటారు, లాభసాటి సాగు అంటారు, మార్కెట్ పిలుపు అంటారు. సారం మాత్రం ఒకటే. ఇది రైతు స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక, కనుక దాన్ని ప్రశ్నించేవాడు రైతు నాలుగు డబ్బులు చూస్తే ఓర్వలేనివాడు.

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. 2024–25లో దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా రొయ్యలది. ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. ఇటు వరి సంగతి చూస్తే, 2025–26కి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. డెల్టాలో లెక్క బస్తాల్లో నడుస్తుంది కాబట్టి 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. అదైనా తేమ ఎక్కువుందనీ, గింజ రంగు మారిందనీ కోత పెట్టకపోతేనే. తొలి పంట సార్వాలో ఎకరాకు 30 బస్తాలు పండిందనుకుంటే అందులో 12, 13 బస్తాలు కౌలు కింద కొలవాల్సిన ఊళ్లు డెల్టాలో కొత్తేమీ కాదు. మిగిలిన దాంట్లోంచే దమ్ము ట్రాక్టరుకి, ఊడ్పు కూలీకి, ఎరువుకి, మందుకి, కోత మిషనుకి ఇవ్వాలి. ఆ లెక్క రాసుకుని చూసుకున్న మనిషికి అన్నపూర్ణ వైభవం గురించి ఉపన్యాసం చెప్పడం అన్యాయం. వరి గిడుతోందని ఇక్కడ ఎవరూ వాదించబోవడం లేదు.

తేలాల్సింది వేరే ఉంది. చెరువు తవ్వాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు? ఆ నిర్ణయం గట్టు అవతలి మనిషికి ఏం మిగిల్చింది? వరి గిట్టకుండా పోవడానికి చేతులెవరివి? ఈ మూడూ అడిగితే ‘రైతు ఇష్టం’ అన్న మాట నిలబడదు.

గట్టు దగ్గర్నుంచే మొదలుపెట్టవచ్చు. కాల్వ కింద ఒక వరుసలో ఉన్న పొలాల మధ్య ఒకాయన చెరువు తవ్వించాడు. పొక్లెయిన్ దిగింది. పైనున్న నల్లమట్టిని గీకి నాలుగు పక్కలా గట్లు పోసింది. బోరు వేస్తే ఉప్పునీరు పడింది. సముద్రం వెనక్కి తగ్గిన చోట నది తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద ఏర్పడిన నేల ఇది. తీరప్రాంత మండలాల్లో లోతుకు పోయేకొద్దీ ఉప్పే. రొయ్యకు అదే కావాలి. చెరువులో నాలుగైదు అడుగుల నీరు నిలిచింది, అదీ పక్క పొలం మట్టం కంటే ఎత్తులో. పక్క పొలంలో రెండు మూడు అంగుళాల తియ్యటి కాల్వ నీరు. ఎత్తున ఉన్న నీరు పల్లానికి ఊటెక్కకుండా ఆపే శక్తి ఆ మట్టిగట్టుకు లేదు. మొదటి సంవత్సరం గట్టు వెంబడి ఉన్న నాలుగు వరుసల నారు కొసలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. మరుసటి ఏడు ఎండ ముదిరేసరికి మడిలో మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది. ఆ తర్వాత ఆ మేరకు నాటు వేయడమే దండగ అవుతుంది.

వరి ఉప్పుకు బాగా లొంగే పైరు. మట్టిలోని ఉప్పును కొలిచే ఈసీ మీటరుకు 3 డెసీసైమన్లు దాటిందంటే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆపైన పెరిగే ఒక్కో అంకెకూ నూటికి 12 వంతుల చొప్పున పడిపోతుందని వ్యవసాయ శాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న చెరువు నీటి ఈసీ సుమారు 17 ఉంటుంది. గట్టుకు ఇవతల 17, అవతల 3. మధ్యలో ఉన్నది పొక్లెయిన్ తొట్టెతో పోసిన మట్టి.

ఇప్పుడు ఆ పక్క పొలం రైతు ముందున్న దారులేమిటి? నష్టంతో వరి వేస్తూ కూర్చోవచ్చు. తహశీల్దారు ఆఫీసుకు అర్జీ పట్టుకుని తిరగొచ్చు. పొలాన్ని ఆ చెరువాయనకే లీజుకిచ్చేయొచ్చు. లేదంటే తనూ చెరువు తవ్వించుకోవచ్చు. చివరి రెండింటిలో ఏదో ఒకటి చేస్తాడు. అప్పుడు అతని అవతలి గట్టు వాడికి అదే కథ మొదలవుతుంది. ఇలా నాలుగైదేళ్లు తిరిగేసరికి ఒక బోదె కింది పొలాలన్నీ చెరువులవుతాయి. అధికారులు వచ్చి చూసి, ‘రైతులంతా ఆక్వా వైపు మొగ్గు చూపుతున్నారు’ అని రాసుకుంటారు. నిజానికి ఇష్టపడి మొగ్గింది మొదటి మనిషి ఒక్కడు. మిగతావాళ్లను అతని ఉప్పు నెట్టింది. ఒకరి స్వేచ్ఛ మిగతావాళ్లకు దారులు మూసేస్తే దాన్ని సమష్టి నిర్ణయం అనడం ఎలా కుదురుతుంది?

పోనీ ఆ మొదటి మనిషైనా రైతేనా? చాలా ఊళ్లలో కాదు. డెల్టాలో భూమి ఉన్న కుటుంబాలు రెండు మూడు తరాలుగా చదువుల మీదా, వ్యాపారాల మీదా ఊరు దాటిపోయాయి. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉంటారు. ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది, నాగలి పట్టేవాడు వేరే ఉంటాడు. 2018–19లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగులో ఉన్న కమతాల్లో నూటికి 40కి పైగా కౌలువే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. డెల్టా జిల్లాల్లో తిరిగినవాళ్లకు ఆ అంకె కూడా తక్కువే అనిపిస్తుంది.

పొలం యజమాని కోణంలో చూస్తే లెక్క చాలా తేలిక. వరి కౌలంటే పంట చేతికొచ్చాక బస్తాలు కొలిపించుకోవాలి. తుఫాను వస్తే కౌలుదారు వచ్చి సగం తగ్గించమని బతిమాలతాడు. రొయ్యల చెరువు లీజు వరి కౌలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా నగదు, అదీ ముందస్తుగా. ఫోనులో మాట్లాడుకుంటే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇంత సుఖం వదులుకోమని ఎవరూ ఆయన్ని అడగలేరు. కానీ ఆ ఒప్పందం కుదిరిన రోజున ఆ పొలాన్ని ఇరవయ్యేళ్లుగా దున్నుతున్న కౌలు రైతు ఇష్టాన్ని అడిగినవాడు లేడు. అతని పేరు ఏ కాగితం మీదా ఉండదు. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండోదాని కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం తప్పనిసరి అయింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో పెట్టని యజమానులే ఎక్కువ. కార్డు లేనివాడికి పంట రుణం లేదు, బీమా లేదు, పరిహారం లేదు. ఇక చెరువు తవ్వొద్దని అభ్యంతరం చెప్పే అర్హత ఎక్కణ్నుంచి వస్తుంది? ‘రైతు ఇష్టం’ అనేవాళ్ల లెక్కల్లో రైతంటే పాసుపుస్తకం ఉన్నవాడు మాత్రమే.

కూలీల సంగతి ఆ లెక్కల్లోకి అసలే రాదు. ఊడ్పుల కాలంలో ఒక ఆడకూలీల జట్టు ఊరి పొలాలన్నీ తిరుగుతుంది. కలుపు, కోత, నూర్పు అన్నీ పని దినాలే. కోత మిషన్లు వచ్చి వాటిలో కొన్నిటిని ఇప్పటికే మింగేశాయి. చెరువు వస్తే మిగిలినవీ పోతాయి. ఎకరాల చెరువును చూసుకోవడానికి మేత చల్లేవాడొకడు, రాత్రి కాపలాకి ఒకడు చాలు. పొలం గట్ల మీద గడ్డి పోతుంది, వరిగడ్డి పోతుంది, దాంతో భూమి లేని ఇంటి పాడిగేదె కూడా పోతుంది. దీనికి ఎదురుగా ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆడవాళ్లకు ఉద్యోగాలొచ్చాయని చూపిస్తారు. వచ్చాయి. ఆ ఉద్యోగాల తీరు ఎలా ఉందో 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆంధ్రలోని రొయ్యల షెడ్లలో తిరిగి ప్రపంచమంతా చదివేలా రాసింది. చల్లటి నీళ్లలో చేతులు నానబెట్టుకుని గంటల తరబడి రొయ్య తల తీసే పనిని గ్రామీణ ఉపాధి అని చెప్పుకుని మురిసేముందు ఆ రాతను ఒకసారి చదవాలి.

ఇక వరి ఎందుకు గిట్టడం లేదన్నది అసలు ప్రశ్న. దీనికి ధర, కూలీ, ఎరువులు అని అందరూ చెప్పే జవాబు సగమే నిజం. మిగతా సగం మురుగు కాల్వల్లో ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ గోదావరి డెల్టా మొత్తం ఒక జంట ఏర్పాటు మీద నడుస్తోంది. పంట కాల్వ నీరు తెస్తుంది, మురుగు కోడు నీరు తీసుకుపోతుంది. రెండోది పనిచేయకపోతే మొదటిదాని వల్ల లాభం లేదు. ఈ సంగతి పాలకులకు తెలియక కాదు. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగు పారుదల మీద వివరంగా నివేదిక ఇచ్చింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చి రైతుల దగ్గరే డబ్బు వసూలు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పూడిక తీత కాగితాల మీద జరిగినంతగా కోడుల్లో జరగలేదు. గుర్రపుడెక్క పేరుకుంది, గట్లు ఆక్రమణల పాలయ్యాయి. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పడితే వెన్ను మీదున్న సార్వా పైరు వారాల తరబడి నీళ్లలో ఉంటోంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు ‘క్రాప్ హాలిడే’ ప్రకటించారు. వేలాది ఎకరాల్లో నారు పోయకుండా పొలాలను బీడు పెట్టారు. దేశమంతా ఆశ్చర్యపోయి చూసింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. ధర గిట్టకపోవడం, కూలీ ఖర్చు, ధాన్యం కొనేవాడు లేకపోవడంతో పాటు మురుగు పారుదల దుస్థితి కూడా అప్పటి రైతుల గోడులో ఉంది. 2022లో కోనసీమలోనే మళ్లీ క్రాప్ హాలిడే మాట వినిపించింది. అప్పుడూ కోడులు తవ్వండి మహాప్రభో అన్నదే ప్రధానమైన మొర. పదకొండేళ్లు గడిచాక కూడా అదే డిమాండు వినబడిందంటే మధ్యలో ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు.

కనుక వరుస ఇదీ. ప్రభుత్వం డ్రెయిన్లు వదిలేసింది. పొలం మునిగింది. మునిగే పొలం ‘సాగుకు పనికిరాని పల్లపు భూమి’ అయింది. పల్లపు భూమి కనుక చెరువుకు అనుకూలం అన్నారు. చెరువుల గట్లు వచ్చాక వాననీరు పారే దారులు ఇంకా మూసుకుపోయాయి. దాంతో మరో వంద ఎకరాలు పల్లపు భూమి అయ్యాయి. ఈ వరుసలో రైతు ఎంపిక అన్నది ఆఖరి మెట్టు. దానికి ముందున్న మెట్లన్నీ ప్రభుత్వ నిర్లక్ష్యంతో కట్టినవే.

ఆఖరి మెట్టు దగ్గర కూడా త్రాసు సమంగా లేదు. అర్హత ఉన్న ఆక్వా రైతులకు యూనిట్ విద్యుత్తు రూపాయిన్నరకే ఇస్తామని రాష్ట్రంలో పాలకులు పోటీపడి ప్రకటించారు. చెరువులో రాత్రంతా తిరిగే ఏరియేటర్లకు కరెంటే ప్రాణం కాబట్టి ఇది చిన్న సాయం కాదు. వరికీ ఉచిత విద్యుత్తు ఉంది కదా అనవచ్చు. డెల్టా వరి బతికేది కాల్వ నీటి మీద, మోటారు మీద కాదు. దానికి కావాల్సిన సాయం తవ్విన మురుగు కోడు. ఒకదానికి అవసరమైన సాయం అందిస్తూ రెండోదానికి అవసరమైనది ఎగ్గొడుతూ, రైతు దేన్ని ఎంచుకుంటాడో చూద్దాం అనడం పందెం కాదు, తొండి.

డాలర్ల మాటకొద్దాం. రొయ్య లాభం ఇస్తుందన్నది అబద్ధం కాదు. ఎవరికి, ఎన్నేళ్లకొకసారి అన్నదే తేలాలి. తొంభైల మొదట్లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యతో వచ్చిన సిరి గురించి ఆ జిల్లా వాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1994–95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి ఆ సిరిని తుడిచిపెట్టింది. ఎండిన చెరువులు, కట్టని అప్పులు మిగిలాయి. 2009లో వనామి రకానికి కేంద్రం అనుమతిచ్చాక రెండో విడత మొదలైంది. ఈసారి తేడా ఏమిటంటే వనామి తక్కువ ఉప్పులో కూడా పెరుగుతుంది. సముద్రపు ఒడ్డున ఆగిన రొయ్య ఆ ఒక్క గుణంతో వరి ఆయకట్టు లోపలికి నడిచొచ్చింది. టైగర్ దెబ్బకు పోయింది ఎక్కువగా తీరపు చవుడు నేలలు. వనామి తింటున్నది కాల్వ పారకంలో ఉన్న మాగాణి.

చెరువు పెట్టినవాడి జాతకం తిరిగేది కౌంటు మీద. కిలోకి 30 రొయ్యలు తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. కౌంటు అంకె ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ. నాలుగు నెలలు మేపి 30, 40 కౌంటుకు తెద్దామని మొదలుపెడతాడు. యాభయ్యో రోజో, అరవయ్యో రోజో ఏరియేటర్ పక్కన రొయ్యలు తేలడం మొదలవుతుంది. ఆ పూటే వల వేయించి పట్టుబడి చేసి 100 కౌంటుకో, 120 కౌంటుకో తెగనమ్ముకోవాలి. బేరం ఆడే వ్యవధి ఉండదు, ఐసు లారీ వాడు చెప్పిందే ధర. సీడు, మేత, మందులు అప్పుగా ఇచ్చింది డీలరు. చాలా చోట్ల సరుకు కొనేదీ ఆ డీలరు మనిషే. రెండు పంటలు పోతే మూడో పంటకు అప్పు పెట్టేది కూడా ఆయనే, ఆయన షరతుల మీదే. దళారుల నుంచి విముక్తి అని చెప్పుకున్న సాగులో ఉన్నది ఇది.

ఇక ధర నిర్ణయం అయ్యేది గణపవరంలోనో, ఆకివీడులోనో కాదు. 2016లో ఐరోపా సమాఖ్య యాంటీబయాటిక్ అవశేషాల భయంతో భారతీయ రొయ్యల తనిఖీలను నూటికి 10 సరుకుల నుంచి 50కి పెంచింది. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. రొయ్యల మీద అప్పటికే ఉన్న ఇతర సుంకాలు దానికి అదనం. ఇక్కడి చెరువుల గట్ల మీద ధర పడిపోయింది. వరి రైతు ఢిల్లీ ధర కోసం ఎదురుచూసేవాడు, రొయ్య రైతు వాషింగ్టన్ వైపు చూస్తున్నాడు. ధాన్యం రైతుకు కనీసం ఎంతోకొంత మద్దతు ధర అని అడగడానికి ఒక అంకె ఉంది. రొయ్యకు చట్టబద్ధమైన అంకె లేదు. ఇంత ఆటుపోట్లున్న సరుకు కోసం తిరిగి మాగాణి చేయడం దాదాపు సాధ్యం కాని నేలను పణంగా పెట్టడాన్ని లాభసాటి సాగు అనుకోవడం ఎంతవరకు సబబు?

నేలను మళ్లీ వరికి తేలేరా అంటే, పుస్తకం ప్రకారం తేవచ్చు. మంచినీరు పుష్కలంగా పెట్టి ఉప్పును కడిగి, ఆ కడిగిన నీటిని మురుగు కోడులోకి పంపించాలి. కాల్వ చివరి భూములకు ఆ పుష్కలమైన మంచినీరు రాదు. ఆ నీటిని తీసుకుపోయే కోడు పూడిపోయి ఉంది. పైగా పక్కనే ఇంకో చెరువు ఉప్పు ఊరిస్తూ ఉంటుంది. ఈ మూడూ సరిచేయకుండా ఒక్క రైతు ఒంటరిగా తన రెండెకరాలను వెనక్కి తెచ్చుకోలేడు.

గట్టు దాటే నష్టం పొలాలతో ఆగదు. డెల్టాలో ఊరూరా ఒక మంచినీళ్ల చెరువు ఉండేది. వేసవికి కాల్వలు కట్టేసేముందు దాన్ని నింపుకునేవాళ్లు, వానలొచ్చేదాకా అవే నీళ్లు. రొయ్యల చెరువుల మధ్య చిక్కుకున్న ఊళ్లలో ఆ నీళ్లు నోట పెట్టే స్థితిలో లేవు. గోదావరి పక్కన పుట్టిన మనిషి 20 లీటర్ల టిన్ను కొనుక్కుని అన్నం వండుకుంటున్నాడు. రొయ్య డబ్బు కళ్లచూడని కూలీ కూడా ఆ టిన్నుకు అదే ధర కడుతున్నాడు.

చెరువు ఖాళీ చేసినప్పుడు బురద, మేత మడ్డి, మందుల నీళ్లు పోయేది పంట మురుగు వెళ్లాల్సిన కోడులోకే. భీమవరం పక్కన యనమదుర్రు డ్రెయిను వాసన ఆ దారిన బస్సులో వెళ్లేవాళ్లకు కూడా తెలుసు. అక్కడికి దగ్గర్లోని తుందుర్రు, జొన్నలగరువు, కె.బేతపూడి ప్రజలు ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరులో కలుస్తాయని 2014 నుంచీ ఏళ్ల తరబడి పోరాడారు. 144 సెక్షన్లు చూశారు, కేసులు మోశారు. ఆ పోరాడినవాళ్లు నగరం నుంచి వచ్చిన పర్యావరణ ప్రేమికులు కాదు. వరి వేసుకునేవాళ్లు, గొంతేరులో వేట మీద బతికేవాళ్లు. ‘రైతు ఇష్టం’ అన్న సూత్రం నిజమైతే ఆ రైతుల ఇష్టం ఎందుకు లెక్కలోకి రాలేదు?

ఈ దారి చివర ఏముందో తెలుసుకోవాలంటే కొల్లేరు దగ్గర ఆగాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటివి మోసుకొచ్చే నీళ్లను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి మెల్లగా వదిలే సహజమైన తొట్టి అది. 1970ల్లో పేదలకు, మత్స్యకార సహకార సంఘాలకు ఉపాధి పేరుతో అక్కడ చేపల చెరువులకు ప్రభుత్వమే తలుపు తీసింది. కొద్ది కాలానికి సంఘాల పేర్లు కాగితం మీదా, చెరువులు బయటి పెద్దల చేతిలోనూ మిగిలాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు పేల్చారు. తర్వాత ఆ గట్లు చాలా చోట్ల మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కారణం రికార్డు వాన ఒక్కటే అనలేం. ఎగువన కుంచించుకుపోయిన వాగూ, దిగువన నీరు పరుచుకోవాల్సిన చోట వెలసిన గట్లూ రెండూ అందులో పాలుపంచుకున్నాయి. సింగ్ నగర్‌లో పీకల్లోతు నీళ్లలో నిలబడ్డ కుటుంబానికి కొల్లేరులో ఎవరో లీజుకు తీసుకున్న చెరువు గురించి ఏం తెలుసు?

చట్టం ఏమంటోంది? సర్వోదయ ఉద్యమకారుడు ఎస్.జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు తేటతెల్లంగా ఉంది. వ్యవసాయ భూములను, ఉప్పు మళ్లను, మడ అడవులను, చిత్తడి నేలలను, ఊరుమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదు. పాడుచేసినవాడే పరిహారం కట్టాలి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, తీరప్రాంత నియంత్రణ ఆంక్షల నుంచి చెరువులకు వెసులుబాటు ఇచ్చింది. అయినా ఆ చట్టం కింద రాసుకున్న మార్గదర్శకాల్లో కూడా సాగుభూమిని మార్చకూడదన్న మాట ఉంది. అంటే ‘పొలం నాది, ఇష్టం నాది’ అన్న వాదనను దేశపు అత్యున్నత న్యాయస్థానం మూడు దశాబ్దాల కిందటే తోసిపుచ్చింది. కాకినాడ నుంచి కృత్తివెన్ను దాకా కళ్లముందు కనిపిస్తున్నది ఆ తీర్పుకు పూర్తిగా వ్యతిరేక దిశ.

వరి మాత్రం పవిత్రమా అని నిలదీసేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నిలవ నీటిలో వరి మీథేన్ వదులుతుంది, డెల్టాలో పురుగుమందుల వాడకం తక్కువేమీ కాదు, రెండో పంట దాళ్వాకు నీళ్ల కోసం ఏటా కొట్లాటే. అయితే ఈ తప్పుల్లో ఏదీ పక్క రైతును వచ్చే ఏడు మరో పంట వేసుకోకుండా ఆపదు. వరి చేలో అపరాలు వేయొచ్చు, మొక్కజొన్న వేయొచ్చు, కూరగాయలు పెట్టొచ్చు. ఉప్పెక్కిన చేలో ఆ దారులన్నీ మూసుకుపోతాయి. రొయ్య మీద కక్ష కూడా అక్కర్లేదు. కేరళ తీరంలో పొక్కాలి పొలాల్లో వానాకాలం ఉప్పును తట్టుకునే వరి, ఆ తర్వాత అదే పొలంలో రొయ్యలు. తరాలుగా రెండూ కలిసి బతికాయి. అక్కడ ఏ పొలంలో ఎప్పుడు ఏ నీరు ఉండాలన్నది ఊరంతా కలిసి పాటించే క్రమం. అదే కేరళ 2008లో వరి పొలాలనూ చిత్తడి నేలలనూ కాపాడే చట్టం చేసుకుంది. తర్వాత సవరణలతో దాన్ని కొంత నీరుగార్చినా, పొలం మార్చాలంటే పక్కవాడి నీటి దారి గురించి కూడా ఆలోచించాలన్న సూత్రం అక్కడ చట్టంలోకి ఎక్కింది.

ఇక్కడ కూడా చేయాల్సింది చెరువులన్నిటినీ రేపటికల్లా పూడ్చేయడం కాదు. ఆ మాట అన్నవాళ్లు అప్పుల్లో ఉన్న చిన్న ఆక్వా రైతును చంపినట్టే. ముందుగా ప్రతి గ్రామంలో అనుమతి ఉన్న చెరువులు ఎన్ని, లేనివి ఎన్ని, అవి ఏ సర్వే నంబర్లలో ఉన్నాయన్న జాబితా పంచాయతీ గోడకు ఎక్కాలి. కాల్వ ఆయకట్టులో కొత్త చెరువుకు అనుమతి ఆపాలి. ఇప్పటికే పూర్తిగా ఉప్పు తేలిన తీరపు బ్లాకులను ఆక్వాకు గుర్తించి, వాటి మురుగుకు విడిగా కాల్వ ఇవ్వాలి. పంట మురుగులో ఆ నీరు కలిపితే కరెంటు రాయితీ రద్దవ్వాలి. చెరువుగా మార్చాలన్న దరఖాస్తు మీద చుట్టూ ఉన్న భూయజమానులతో పాటు అక్కడ సాగు చేస్తున్న కౌలు రైతుల అభిప్రాయం కూడా గ్రామసభలో రాతపూర్వకంగా తీసుకోవాలి. డ్రెయిన్లలో నీటి ఈసీ ప్రతి నెలా కొలిచి ఊళ్లో ప్రకటించాలి. ఆ పరికరం చేతిలో పట్టేంత చిన్నది, రైతు సేవా కేంద్రం సిబ్బంది ఆడుతూ పాడుతూ చేయగలిగిన పని అది.

వీటన్నిటికంటే ముందు పూడిక తీయాలి. జూన్‌లో కాల్వలకు నీళ్లు వదిలాక మొదలుపెట్టి, బిల్లులు పెట్టుకుని, వరదలో కొట్టుకుపోయిందని రాసుకునే పూడికతీత కాదు. కాల్వలు కట్టేసిన వేసవిలోనే, సముద్రపు మొగల నుంచి ఎగువకు, ఆ డ్రెయిను కింద సాగు చేసే రైతుల కమిటీ కొలతలు చూసి సంతకం పెట్టాకే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించే పూడికతీత. అది జరిగిన రెండు సార్వాల తర్వాత కూడా, కౌలు రైతుకు కార్డూ రుణమూ దక్కాక కూడా డెల్టా రైతు చెరువే కావాలంటే, అప్పుడు ‘ఇష్టం’ అన్న మాట గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా ఆ మాటను రైతు నోట పెట్టే హక్కు డ్రెయిన్లను పూడనిచ్చిన ప్రభుత్వానికి గానీ, ముందస్తు లీజు తీసుకుని ఊరు వదిలిన యజమానికి గానీ లేదు.